మారిషస్ తెల్లపువ్వు కోసం

మారిషస్‌లోని తెలుగువాళ్లు ఆంధ్రప్రదేశ్ నుంచి మనవాళ్లను చుట్టపుచూపుకు పిలుస్తున్నారని, మా చర్చి స్త్రీల సమాజం నుంచి నలుగురం వెళ్లవచ్చని మొదట చెప్పింది తిరుమలగిరి పాస్టరమ్మగారు. ఆమెకు నా వందనాలు. ఆ కబురు పట్టుకుని నేరుగా మౌలాలిలో మా పిన్ని దగ్గరికి వెళ్లాను. బడి గడప తొక్కని నాకు ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పింది ఆవిడే. పెళ్లయిన కొత్తలో బాబాయితో ఆ దీవిలో ఉండి వచ్చింది. ఇప్పుడు మంచం దిగలేకుండా ఉంది.

"మా ఇంటి వెనక అడవిలో తెల్లపువ్వు పూసేదే. కొమ్మ అడుగు, ఇస్తారు. ఒక్కసారి ఆ వాసన చూసి పోతాను," అంది. తన బైబిల్లో దాచిన ఎండుపువ్వు నా చేతిలో పెట్టింది. నేను బయలుదేరకముందే, తిరిగొచ్చే ఆదివారం సాయంత్రం కృతజ్ఞతా కూడికని అందరికీ చెప్పేసింది. కుండీలో ఎర్రమట్టి కూడా పోయించింది. మాలో అంతే, దొరుకుతుందని నమ్మితే ముందే స్తోత్రం చెబుతాం.

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం రైలెక్కి తెల్లవారేసరికి బొంబాయిలో దిగాం. పులిహోర రాత్రికే అయిపోయింది. వెళ్లేవారు విమానాశ్రయానికి కూడా ఏదైనా కట్టుకోండి, అక్కడ టీ తప్ప మాకేదీ మింగుడుపడలేదు.

దీవిలో దిగగానే మామిడి, నేరేడు, జామ. మన ఊరికే వచ్చినట్టుందని ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను. మర్నాడు పది గంటలకు బస్సులో మొక్కల తోటకు వెళ్లి, అక్కడ పనిచేసే సరోజినికి పువ్వు చూపించాను. ఆమెది చెరకు తోటల్లో కూలికి వచ్చిన ముత్తాతల నాటి తెలుగు. బీరువాలోంచి అట్టకు అంటించిన ఎండుకొమ్మ తెచ్చి, పక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"ఇదేనమ్మా. చెట్టు లేదు. చచ్చిపోయింది."

"ఇక్కడ లేకపోతే కొండమీద ఉండదా?"

"అంతా వెతికారమ్మా. ఈ దీవిలోనే పుట్టింది, ఇంకెక్కడా లేదు. చెరకు కోసం అడవి కొట్టేశారు. మిగిలినచోట బయటినుంచి తెచ్చిన జామ, నేరేడు కమ్మేశాయి."

నాకేమీ అర్థం కాలేదు. చుట్టూ ఇంత పచ్చగా ఉంటే, పోయిందంటుందేమిటి? మరి నిన్న నేను స్తోత్రం చెప్పింది ఏ చెట్లను చూసి? ఆ చెరకు నాటిన చేతుల్లో సరోజిని ముత్తాతవీ ఉన్నాయి కదా, ఎవరిని అనాలి?

"మీ పిన్నిగారు దీని వాసన చూశారా?" అని అడిగింది సరోజిని.

"రోజూ చూసేదట."

"మా దగ్గర ఆకు ఉంది, పువ్వు ఉంది. వాసన ఎలాగుండేదో చెప్పేవాళ్లు లేరు. అడిగి చెబుతారా అమ్మా?"

తిరుగు రైల్లో, తాండూరులో ఎక్కిన ఒకావిడ నా ఒడిలోని బుట్ట చూసింది. మొక్క కోసమని లోపల గోనెపట్టా పరిచి తీసుకెళ్లిన బుట్ట అది. సంగతంతా చెప్పాను.

"ఏందక్కా, గంత దూరం పోయి ఉత్త బుట్టతోని వస్తున్నవ్? జెర మట్టన్న తేకపోతివి!" అంది. నవ్వాను. నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. ఆవిడ గబగబా తన డబ్బాలోని సర్వపిండి తుంచి నా చేతిలో పెట్టింది. ఆవిడ చల్లగా ఉండాలి.

బేగంపేట దాటింది. సాయంత్రమే కూడిక. మొక్క లేని కుండీ ముందు ఏమని స్తోత్రం చెప్పాలో ఇంకా తోచడం లేదు. పిన్నికి చెట్టు పోయిందన్న మాట ముందు చెప్పనా, వాసన సంగతి ముందు అడగనా? మారిషస్ మంచి దేశం, మనుషులు ప్రేమగలవాళ్లు, వీలైనవారు వెళ్లి రండి. ఆ పువ్వు మాత్రం మీకు కనబడదు. దాని వాసన ఇప్పుడు మౌలాలిలో ఒక మంచం మీద ఉంది. మీ ప్రార్థనలో మా పిన్ని సుందరమ్మను జ్ఞాపకం చేసుకోండి.