మబ్బుల పోయేటోళ్లం

మొన్న కాలేజీ స్టాఫ్ రూములో ఒకాయన పేపరు తెరిచి, వరంగల్ పక్కన మామునూరులో మళ్లీ విమానాలు దిగుతాయన్న వార్త గట్టిగా చదివాడు. చదివి ఊరుకోకుండా నా వైపు చెయ్యి చూపించి, ఫిజిక్సు చెప్పే ఈ సారు ఒకప్పుడు పైలట్ అని కొత్తగా చేరిన వాళ్లకు చెప్పాడు. వాళ్లు నమ్మనట్టు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లయినా ఆ ప్రస్తావన వస్తే మండుతూనే ఉంటుంది. ఎందుకు మండుతుందో నా ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చు, ఆ రోజులు వాళ్లూ చూశారు కనుక.

మాది మహబూబాబాద్ దగ్గర ఒక తండా. ఇంట్లో మాట్లాడేది మా లంబాడీ భాషే. తెలుగు నేను బడికి వెళ్లాకే నేర్చుకున్నాను, అదీ పంతులు చేత దెబ్బలు తింటూ, పక్క పిల్లల నోళ్లు చూస్తూ. గిరిజన విద్యార్థులకు సర్కారు ఇచ్చే సాయంతో పరాయి రాష్ట్రం వెళ్లి విమానం నడపడం నేర్చుకుని తిరిగి వచ్చేసరికి, ఇక్కడ ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊరూరా అంటుకుని ఉంది, నాకు మాత్రం ఉద్యోగం లేదు. పైలట్ లైసెన్సు తక్కిన చదువుల వంటిది కాదు. ఎగురుతూ ఉంటేనే అది చెల్లుతుంది. పెద్ద కంపెనీలు ఎక్కువ గంటలు ఎగిరిన వాళ్లనే పిలిచేవి, ఎవరైనా కొలువిస్తే తప్ప ఆ గంటలు పోగవవు. ఇంకొన్నాళ్లు ఇంట్లో కూర్చుంటే నేను నేర్చుకున్నదంతా నేలపాలే.

అలాంటప్పుడు హైదరాబాదుకూ కోస్తా పట్టణాలకూ మధ్య చిన్న విమానాలు తిప్పే ఒక కంపెనీ నన్ను ఇంటర్వ్యూకు పిలిచింది. అడిగినాయన వాళ్ల పెద్ద కెప్టెన్, కోస్తా మనిషి. ఇంగ్లీషులో అడిగిన వాటికన్నింటికీ బాగానే చెప్పాను. చివర్లో ఆయన కుర్చీలో వెనక్కి వాలి, తెలుగువాడివేగా, తెలుగులోనే మాట్లాడుకుందాం అన్నాడు. ఎప్పుడు ఎగరడం నీకిష్టమని అడిగాడు. నేను సంబరంగా, "మబ్బుల మొదలుపెడితే మంచిగుంటది సార్, గాలి నిమ్మలంగ ఉంటది. మేం రోజు మబ్బులనే పోయేటోళ్లం" అన్నాను.

మా వైపు మబ్బుల అంటే తెల్లవారుజామున అని అర్థం. నాట్లకు పోయే ఆడవాళ్లూ, మొదటి బస్సు అందుకునే వాళ్లూ అందరూ మబ్బులనే లేస్తారు. ఆయనకు మాత్రం మబ్బులంటే మేఘాలే. శిక్షణలో ఉన్నవాడు మేఘాల్లోకి దూరడం పెద్ద తప్పు, పైగా అక్కడ గాలి నిమ్మళంగా ఉంటుందనేవాడు వట్టి మూర్ఖుడు. ఆయన మొహం ఎర్రబడింది. ఎవరయ్యా నీకు లైసెన్సిచ్చిందని అరిచాడు. నేను తడబడుతూ అర్థం విడమరిచి చెప్పాక కోపం పోయి నవ్వు వచ్చింది ఆయనకు, ఆ నవ్వు కోపం కన్నా అధ్వాన్నంగా ఉంది. పక్క గదిలో వాళ్లను పిలిచి మరీ నా చేత ఆ ముక్క మళ్లీ అనిపించాడు. ఆఖరికి ఉద్యోగం ఇస్తానన్నాడు, కానీ విమానంలో తెలుగు ప్రకటన ఎప్పుడూ నా నోట రాకూడదట. "ముందు తెలుగు నేర్చుకో బాబూ" అన్నాడు. ఏడ్చి నేర్చుకున్న భాష గురించి ఆ మాట అనిపించుకోవడం ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు!

తిరుగు రైలు జనగామలో ఆగిపోయింది. పట్టాల మీద పొయ్యిలు పెట్టి ఉద్యమకారులు వంటావార్పు చేస్తున్నారు. కడుపులో అంత మంట ఉన్నా, దిగి వాళ్ల మధ్య కూర్చుని విస్తట్లో అన్నం తిన్నాను. వడ్డిస్తున్న ఒక పెద్దాయన నా మొహం చూసి ఏమైందని అడిగితే జరిగింది చెప్పాను. ఆయన గరిటె అట్లాగే పట్టుకుని, "గసొంటి కొలువు మనకెందుకు తమ్మీ, థూ అను. రాష్ట్రం రానీ, మన విమానాలు మనకొస్తయ్" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లతో నేను సగం నిశ్చయానికి వచ్చేశాను.

ఇంటికి వెళ్లాక మా అమ్మ ఒకే ఒకటి అడిగింది, రోజూ నవ్వుతారా అని. నవ్వుతారన్నాను. ఆమె లేచి పనిలో పడిపోయింది. మనసు కుదరక భూపాలపల్లిలో బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేసే మామ దగ్గరికి పోయాను. రాష్ట్రం కోసం సమ్మెలో ఉన్నాడు కదా, నా పక్కనే నిలబడతాడని నా నమ్మకం. ఆయన నా మీదే విరుచుకుపడ్డాడు.

"బాయిల దిగినంక పని జేయించే సర్దార్లల్ల నన్ను తిట్టనోడు లేడు. తిట్టిండ్రని బాయి ఇడిసిపెడితినా? మాట వాళ్లదిరా, ఎగురుడు నీది. పోయి చేరు."

"అట్లయితే నువ్వు సమ్మెల ఎందుకు కూసున్నవ్ మామా?" అన్నాను.

"నేను బాయిల ఉన్న గనుక సమ్మె చేస్తున్న. నువ్వు బయటుండి ఏం బందు పెడ్తవ్?" అన్నాడు.

జవాబు లేనప్పుడు కోపం రెట్టింపవుతుంది. అత్త వండిన కూర కూడా ముట్టకుండా బస్సెక్కాను. మర్నాడు కెప్టెన్‌కు ఫోన్ చేశాను. "నేను రాను సార్. మబ్బులంటే తెల్వనోళ్ల దగ్గర నేను తెలుగు నేర్వ" అన్నాను. ఆయన టక్కున పెట్టేశాడు. చాన్నాళ్లు ఆ ఫోను సంగతి తండాలో గొప్పగా చెప్పుకున్నారు. మామ ఒక్కడు మాత్రం నాతో మాట్లాడలేదు.

రాష్ట్రం వచ్చింది. రంగులు చల్లుకున్నాం, నేనూ వీధుల్లో ఎగిరాను. కొన్నేళ్లకు మన వైపు వాళ్లే పెట్టిన మరో చిన్న కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. ఇంటర్వ్యూ చేసినాయన జనగామ మనిషి, నాకన్నా చిన్నవాడు. మొదటి నుంచీ అన్నా అనే పిలిచాడు. "ఎప్పుడు బయలెల్లినవే అన్నా, మబ్బులనేనా?" అని అడిగాడు. ఆ మాట వినగానే నా కళ్లు చెమర్చాయి. చాయ్ తెప్పించాడు, మా ఊరి పంటల గురించి అడిగాడు. ఆ తర్వాత నా కాగితాలు మెల్లగా నా వైపు జరిపి, "ఏమనుకోకన్నా, గంటలు మస్తు తక్కువున్నయ్, ఎగరక శాన ఏండ్లయింది. జర వేరేది సూస్కో అన్నా" అన్నాడు.

ఇప్పుడు సినిమాల్లో హీరోలే మన యాస మాట్లాడుతున్నారు. మా తండా పిల్లలు నా క్లాసులో లేచి నిలబడి మాట్లాడితే నవ్వేవాళ్లు లేరు. అది చిన్న సంగతి కాదు, దాని కోసమే కదా అంత మంది పట్టాల మీద కూర్చున్నది. కానీ ఆ రోజుల్లో నాకు జరిగిన ప్రతి అన్యాయానికీ ఎవరిని తిట్టాలో తెలిసేది, తిడితే కడుపు చల్లబడేది. నన్ను వద్దన్న ఈ జనగామ తమ్ముడు మాత్రం గేటు దాకా వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి సాగనంపాడు. రైల్లో మహబూబాబాద్ వరకూ అతని మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు.