లేన్ గారి గాడిద

పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్లుగా మందులు కలిపి కట్లు కట్టే కాంపౌండరుకు ఒకటే పిచ్చి. ఫ్రాన్సు దేశపు పాత జంతువుల బొమ్మలు. రాగిరేకు మీద వెంట్రుకంత సన్నటి గీతలు చెక్కి, సిరా పట్టించి, కాగితం మీద అచ్చొత్తిన బొమ్మలు.

అది ఒక గాడిదతో మొదలైంది. కుర్చీ కొందామని పాత సామాన్ల దుకాణానికి వెళ్లి, కుర్చీ మాట మరిచి ఆ పటం చంకన పెట్టుకొచ్చాడు. గాడిద అనగానే పొడుగు చెవులు గీసి చేతులు దులుపుకుంటారు అందరూ. ఈ చెక్కినాయన మాత్రం వెనక కాలి కీలు దగ్గర నరం ఎక్కడ ఉబ్బుతుందో సరిగ్గా అక్కడే ఉబ్బించాడు. రోజూ ఆ కాళ్లు పట్టుకునే మనిషికి అంతకన్నా ఏం కావాలి?

బొమ్మ కింద నాలుగక్షరాలున్నాయి. కూడబలుక్కుని ‘లేన్’ అని చదివి, అది చెక్కినాయన పేరని ఖాయం చేసుకున్నాడు. అది మొదలు ఇంట్లో పొద్దస్తమానం లేన్ గారి ప్రస్తావనే.

"వడ్డించేశాను. లేన్ గారిని కూడా రమ్మంటారా?" అనేది భార్య.

"లేన్ గారివి ఇంకేమైనా వచ్చాయా?" అని దుకాణదారును అడిగితే, "లేన్ దొరకడం మహా కష్టమండీ" అని అతను గంభీరంగా తలాడించేవాడు. ఆ లేన్ ఎవరో అతనికీ తెలియదు. ఊరికే తిరిగి రాలేక కాంపౌండరు ఓసారి ఎద్దును, ఓసారి మేకను, ఓసారి బాతును తెచ్చుకునేవాడు. పదిహేనేళ్లలో ముందుగదిలో ఇరవైమూడు పటాలయ్యాయి.

ఒక ఆదివారం, పక్కవీధిలో ఉండే ఫ్రెంచి టీచరు తన పిల్లి కాలి కట్టు విప్పించడానికి ఇంటికొచ్చింది. ఆయన కట్టు విప్పి, గర్వంగా గాడిదను చూపించాడు.

"ఇది లేన్ గారిదమ్మా. చాలా అరుదు."

టీచరు దగ్గరికెళ్లి చదివి, నవ్వు బిగబట్టుకుంది. "అది పేరు కాదండీ. ‘లాన్’ అని పలకాలి. అంటే గాడిద."

వంటింటి గుమ్మంలో ఉన్న భార్య ఉన్నపళంగా కూలబడి నవ్వింది. "ఓరి నాయనో! పదిహేనేళ్లుగా గాడిదకా మనం గారు తగిలిస్తున్నది!"

కాంపౌండరు చెవులు వేడెక్కాయి. కాసేపటికి ఆయనకూ నవ్వాగలేదు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాక, "మరి ఇంత బాగా చెక్కినాయనకి పేరే లేదా అమ్మా?" అన్నాడు.

"ఉండే ఉంటుంది. చట్రం విప్పండి."

విప్పితే, కుడివైపు అడుగున, చట్రం కింద ఇన్నాళ్లూ దాగిన చీమతలకాయలంత అక్షరాల్లో ఒక పేరు. ఆయన వరసగా అన్ని పటాలూ దించాడు. ఎద్దు కింద అదే పేరు. మేక కింద అదే. ఇరవైమూడింట్లో ఏడు ఒక్క చేతివే.

"పేరు తెలియకుండానే ఆయన్ని పట్టేశారండీ మీ కళ్లు" అంది టీచరు.

ఆయన మళ్లీ మొదటి నుంచి ఏడూ చూసుకున్నాడు. టీచరు ఆ పేరును పలికించబోతే ఆయనకు నాలుక తిరగలేదు. చివరి రెండక్షరాలూ రాస్తారు గానీ పలకరట.

"మరెందుకు రాసినట్టు?" అంది భార్య.

ఆ నెలాఖరున భార్య మొదటిసారి ఆయన వెంట దుకాణానికి బయల్దేరింది. మూలనున్న ఒక చిన్న రంగుల చిత్రం ముందు ఆగిపోయింది. పచ్చికలో గొర్రెలు, చెప్పులు విడిచి వాగులో కాళ్లు పెట్టుక్కూర్చున్న కాపరి పిల్ల.

"గొర్రెలకి కడుపు నిండింది, పిల్లకి పని లేదు. ఇది నాకు" అంది.

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, వంగి చూశాడు. "ఈ చివరి గొర్రె కాలు ఎత్తి పెట్టుకుంది. గిట్టలో పుండున్నట్టుంది."

"అయితే ఇంటికి తీసుకెళ్దాం పదండి. మీరే కట్టు కడుదురు గాని!"