మూడో మాటపట్టు

మా అత్త కన్యాస్త్రీల మఠంలో మాటపట్టు ఇచ్చి ఇరవై అయిదేళ్లు నిండితే సిల్వర్ జూబిలీ చేశారు. డెబ్బైల మొదట్లో సంగతి. ఆమెతోపాటు మరో ముగ్గురు సిస్టర్లకూ అదే రోజు. వాళ్లు మఠం వారి స్కూల్లో టీచర్లు. మా నాన్నకు అక్క అయిన ఈమె మాత్రం బోర్డింగు పిల్లల వంటింట్లోనే ఉండిపోయింది.

పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత. మాటపట్టంటే దేవుడికిచ్చిన ఈ మూడు మాటలే. వీటిని జూబిలీ నాడు గుడిలో పీఠం ముందు మళ్లీ చెప్పాలి. చిన్నవయసులో అత్త వాటిని ఇంగ్లీషులో బట్టీపట్టి ఒప్పజెప్పిందట. దేనికి ఒప్పుకుంటున్నదో అప్పుడు ఆమెకే సరిగ్గా తెలియదు. ఇప్పుడు ఆమె కోరిక ఒక్కటే, అమ్మ వినేలా తెలుగులో చెప్పాలని. కూతురు మఠానికి పోయిందన్న కోపంతో మా అవ్వ అన్నేళ్లూ ఆ గేటు తొక్కలేదు. ఈసారి వస్తానంది. "అదేం చెప్పి పొయ్యిందో నేనూ వినాల" అంది.

పూజ లాటిన్ నుంచి దేశభాషల్లోకి వచ్చి అప్పటికే కొన్నేళ్లు. అయినా మదర్ సుపీరియర్ కుదరదన్నారు. బిషప్పుగారు వస్తున్నారట, నలుగురూ ఒకే గొంతుతో ఇంగ్లీషులో చెబితేనే అందమట. దేవుడికి తెలుగు రాదు కాబోలు! నాకు ఒళ్లు మండింది. అత్త మాత్రం "సరి పోనీ పాపా, కొట్లాట వద్దు" అంది.

చింతాద్రిపేటలో మా ఇంటి నుంచి అవ్వను రిక్షాలో తీసుకెళ్లాను. ముందు బెంచీలన్నీ టీచర్ సిస్టర్ల పాత విద్యార్థినులవి, మాకు వెనక చోటు దొరికింది. పీఠం ముందు నాలుగు గొంతులు కలిసిపోయాయి. అందులో అత్తది ఏదో నాకే తెలియలేదు. అర్థం చెబుదామని అవ్వ చెవి దగ్గరకు వంగాను.

"నువ్వు చెప్పేదేందే? దాని నోట్నించి వినాలని గదా ఈడికొచ్చింది" అని కసిరింది. కళ్లు మాత్రం తుడుచుకుంటూనే ఉంది.

పూజ అయ్యాక అతిథులు విందుకు కదిలారు. తల మీద వెండి కాగితం కిరీటంతో అత్త వరండాలోకి వచ్చి, అవ్వ కాళ్ల దగ్గర కూర్చుంది.

"అమ్మా, నీకు తెలుగులో చెప్తా విను. మొదటిది పేదరికం."

"అది మనింట్లోనే ఉండె గదే. దానికోసం ఈడికి రావాల్నా?"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు విని నాకు ఏడుపొచ్చింది.

"రెండోది బ్రహ్మచర్యం." అవ్వ తల దించుకుంది. "మూడోది విధే..."

వంటింటి గంట మోగింది. మఠంలో గంటంటే దేవుడి పిలుపు. అది వినబడితే నోట్లో మాట నోట్లోనే ఆపెయ్యాలి. తన జూబిలీ నాడు కూడా వడ్డన అత్తదే. ఆమె కిరీటం తీసి అవ్వ ఒళ్లో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

"మూడోది చెప్పనే లేదు గదే?" అంది అవ్వ.

"ఇప్పుడు గంట మోగితే లేచి వెళ్లింది గదవ్వా. అదే మూడోది."

అవ్వ వంటింటి వైపు చూసింది.

"నేను పిలిస్తే ఒక్కనాడన్నా ఇట్ట లేచిందా అది?" అంది.