గోంగూర కుండీతో సలాలాకి

నా తెలివితక్కువతనంతోనే మొదలుపెడతాను, ఈ ప్రయాణం మొదలైందీ దానితోనే కాబట్టి. మా ఆవిడ శారదకి డాక్టరు రాసిచ్చిన కాల్షియం మాత్రలు కొన్నాళ్ళపాటు ఆవిడకన్నా మా గోంగూర మొక్కే ఎక్కువ మింగింది. నేనే నూరి పోశాను. ఎంత నూరిపోసినా కొన్ని బుర్రలకి ఎక్కదు, కొన్ని వేళ్ళకీ ఎక్కదు. పొడి కుండీ పైన సున్నం వేసినట్టు పేరుకుంది. ఆకులేమో పేరంటానికి బయల్దేరినట్టు పసుపు రాసుకున్నాయి.

అది మామూలు గోంగూర అయితే ఇంత గోల లేదు. మా అత్తగారు కాకినాడ పెరట్లో ఏళ్ళ తరబడి విత్తనం కట్టుకుంటూ వచ్చిన ఎర్ర గోంగూర. ఆ పెరడిప్పుడు అపార్ట్‌మెంటు వాళ్ళ కార్ల పార్కింగు. మిగిలిన గింజల్ని ఆవిడ రెండు పొట్లాలు కట్టి ఇద్దరల్లుళ్ళకీ ఇచ్చారు, మస్కట్‌లో రూవిలో ఒక కంపెనీ లెక్కలు రాసుకునే నాకూ, దేశానికి ఆ చివర సలాలాలో ఉండే నా తోడల్లుడు సుధాకర్‌కీ. ఇద్దరం ఒకే రకం కోకోపీట్‌లో, అంటే ఇటుకల్లా అమ్మే కొబ్బరిపీచు పొట్టులో, నాటాం. అతని మొక్కలు నడుమెత్తు పెరిగాయి. నావి ఒక్కొక్కటే వాడిపోయి చివరికి ఒకటి మిగిలింది. అది కూడా పోతే మా ఇంట్లో ఆ విత్తనం పోయినట్టే.

కోకోపీట్‌లో మొక్కకి కాల్షియం, మెగ్నీషియం ఎలా ఇవ్వాలని ఫోన్లో వెతికితే, చెప్పేవాళ్ళందరూ గంజాయి పెంచేవాళ్ళే! చట్టం ఒప్పుకునే దేశాల వాళ్ళు. పసిపిల్లల్ని సాకినట్టు సాకుతారు. ఆ పొట్టు కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ ముందు తనే పట్టేసుకుంటుందట. అందుకని నాటేముందే ఆ రెండూ కలిపిన నీళ్ళలో నానబెట్టాలి, తర్వాత నీళ్ళు పోసినప్పుడల్లా కాస్త కలపాలి. అదంతా గంజాయి వాళ్ళ గారాబం అనుకున్నాను. గోంగూరకి ఇన్ని లాంఛనాలా అని నానబెట్టకుండా నాటేశాను. తర్వాత కంగారు పుట్టి మాత్రలు నూరాను.

అత్తగారు అప్పటికి సలాలాలో చిన్నకూతురి దగ్గర ఉన్నారు. "ఫొటోలో ఏం తెలుస్తుంది బాబూ, మొక్కని ఓసారి తీసుకురండి. సుధాకర్ హస్తవాసి మంచిది, చూస్తాడు" అన్నారు. ఆ హస్తవాసి అన్న మాట నన్ను సలాలా దాకా గుచ్చుతూనే ఉంది.

రూవిలో పొద్దున్న ఆరింటి బస్సు. వెళ్ళేవాళ్ళకి చెబుతున్నాను, స్వెట్టరు మరవకండి. బయట ఎడారైనా బస్సులో ఏసీకి పళ్ళు టకటకలాడతాయి. శారద ఇచ్చిన పులిహోర డబ్బా ఒడిలో, గుడ్డసంచీలో కుండీ కాళ్ళ మధ్య. నిజ్వా దాటాక కొండలు వెనకబడిపోయి రోడ్డు గీత గీసినట్టు సాగింది. చూడ్డానికేమీ లేదు కాబట్టి నేను మొక్కనే చూశాను. సంచీ తెరవడం, ఆకు తడమడం, మూయడం. కింది ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగా, మధ్యంతా పసుపు. చిగురు ముడుచుకుపోయి ఉంది. కాసేపటికి మళ్ళీ తెరవడం.

పక్క సీటతను భరించలేకపోయాడు. పేరు మల్లేశ్, జగిత్యాల వైపు. సలాలాలో ఏదో సైట్‌లో షట్టరింగ్ పని.

"ఏందన్నా, సంచిల పాముగిట్ల ఉన్నదా? ఊకె తీసి సూస్తున్నవ్."

చూపించాను. అతను వంగి చూసి, నా మొహం చూసి, గొంతు తగ్గించాడు. "పుంటికూరే గద! నాకు ఎర్కనే. గని దూరంకెల్లి సూస్తే గంజాయి లెక్క కొడ్తున్నదన్నా. పోలీసోనికి పుంటికూర ఏం ఎర్క?"

పుంటికూరంటే వాళ్ళవైపు గోంగూరే. అంతవరకు నాకా ఆలోచనే లేదు. ఆ క్షణం నుంచి ఇంకో ఆలోచన లేదు. ఐదు వేళ్ళ ఆకు, అంచులు రంపంలా. ఉద్యోగం, వీసా, పిల్లల బడి, అన్నీ ఆ కుండీలో పాతుకుని కనిపించాయి. హైమాలో మధ్యాహ్నం భోజనానికి ఆపారు. మల్లేశ్ బిర్యానీ పార్సిల్ నిశ్చింతగా తిన్నాడు. నేను పులిహోర మూత తీసి మూసేశాను. కుండీని బస్సులో వదిలితే ఎవరైనా చూస్తారని భయం, మోసుకు తిరిగితే అందరూ చూస్తారని భయం. బాత్రూమ్‌కి కూడా దాన్ని వెంటబెట్టుకునే వెళ్ళాను.

తుమ్రైత్ ఇంకా కొంత దూరం ఉందనగా బస్సు నెమ్మదించింది. రోడ్డు మీద తనిఖీ.

మల్లేశ్ లేచాడు. "అన్నా, నువ్వెవరో నాకు తెల్వది. నేనెవరో నీకు తెల్వది. సరేనా?" అని నాలుగు సీట్లు వెనక్కి పోయి కళ్ళు మూసుకున్నాడు.

కుర్ర పోలీసు ఎక్కి, వరసగా బతాకాలు, అంటే గుర్తింపు కార్డులు, చూస్తూ వచ్చాడు. నా కార్డు తిరిగి ఇస్తూ సంచీలోకి చూశాడు. "శూ హాదా?" ఏమిటిదీ అని. గోంగూరని అరబ్బీలో ఏమంటారో తెలియదు. చూపిద్దామని ఫోను తెరిచాను. మూసినప్పుడు ఏ పేజీ ఉందో అదే తెరుచుకుంది, కాల్షియం తక్కువైన గంజాయి ఆకు, తెరనిండా. గబుక్కున ఫోను బోర్లించాను. దాంతో అతని కనుబొమ్మలు పైకి లేచాయి. ఏం చెయ్యాలో తోచక ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుని నమిలాను, ఇది తినేదే సుమా అన్నట్టు. నమిలాకే వెలిగింది, దేన్నయితే అతను అనుమానిస్తున్నాడో దాన్నే అతని కళ్ళముందు తింటున్నానని.

వెనక నుంచి మల్లేశ్ దగ్గు వినిపించింది. నవ్వు ఆపుకునే దగ్గు.

ఇక మొండికేసి ఇంకో ఆకు తుంచి అతనికే ఇచ్చాను. వాసన చూశాడు. అంచు కొరికాడు. మొహమంతా ముడుచుకుపోయి "హామిద్!" అన్నాడు, పులుపని. మిగతా ఆకు అటూ ఇటూ తిప్పి చూసి, "కర్కదే?" అన్నాడు. అంటే ఎర్ర గోంగూర కాయల తొక్కలతో కాచుకునే పానీయం, అక్కడి టీకొట్లలో దొరికేదే. బొమ్మలా తలాడించాను. నవ్వుతూ దిగిపోయాడు.

మల్లేశ్ తన సీట్లోకి వచ్చి కూచున్నాడు. "ఏ, నాకు ఎర్కనే అన్నా, నిన్నేం జెయ్యడని."

"మరి వెనక్కెందుకు పోయావ్?"

"నువ్వు ఇంకేం తింటవో అని భయమైంది."

చీకటి పడుతుండగా సలాలా. కొబ్బరి తోటలు, అరటి గెలలు వేలాడదీసిన బడ్డీలు. సుధాకర్ ఉండేది ఒక తోట అంచున పాత ఇంట్లో. గుమ్మం పక్కన అతని గోంగూర, నాకంటే ఆరోగ్యంగా. అత్తగారు నా కుండీని ఒళ్ళో పెట్టుకుని ఆకుల వెనక వేళ్ళతో తడిమారు. "పాపం, బాగా చిక్కిపోయింది" అన్నారు. నన్ను చూసి ఎప్పుడూ ఆ మాట అనలేదు.

"మొక్కలకి మనిషి చెయ్యి తెలుస్తుంది అన్నయ్యా" అన్నాడు సుధాకర్. "మీ లెక్కల చెయ్యి దానికి నచ్చి ఉండదు."

సమాధానం మర్నాడు పొద్దున్న కెటిల్‌లో దొరికింది. టీకి నీళ్ళు పడదామని మూత తీస్తే లోపలంతా తెల్లగా, గట్టిగా, చిప్పలా పట్టిన సున్నపు పొర. రూవిలో మా కెటిల్ ఇన్నేళ్ళయినా అద్దంలా ఉంటుంది. మాకొచ్చేది సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసి పంపే నీళ్ళు, ఉప్పుతోపాటు కాల్షియం లాంటి సారమూ పోతుంది. ఇక్కడిది తోట బావి నీళ్ళు. నేను మాత్రలుగా నూరింది ఇతను బకెట్లతో పోస్తున్నాడు, తెలియకుండానే! ఆ పూటే ఎరువుల కొట్టుకి పరిగెత్తి, నీళ్ళలో పూర్తిగా కరిగే కాల్షియం, మెగ్నీషియం సీసా కొన్నాను. బావి నీళ్ళలో సీసా మీద రాసినంతే కలిపి, పొట్టంతా నానేలా అడుగునుంచి కారేదాకా పోశాను. ఉన్న ఐదు రోజులూ ఊరు చూద్దామని అందరూ లాగారు. సముద్రం ఒడ్డున కూచున్నా నా కాళ్ళు ఇంటివైపే. చిగురు విచ్చిందా, లేదా?

భోజనాల దగ్గర కెటిల్ సంగతి చెప్పాను. సుధాకర్ నవ్వేశాడు.

"నీళ్ళదేముంది అన్నయ్యా! అవే నీళ్ళు పక్కింటాయనా పోస్తాడు, ఆయన టమాటాలు చూడండి ఎలా ఏడుస్తున్నాయో. హస్తవాసి ఉండాలి."

"అంతేలే నాయనా" అన్నారు అత్తగారు, నా విస్తట్లో సుధాకర్ గోంగూర పచ్చడి వడ్డిస్తూ. పచ్చడి బాగుంది. అదే బాధ.

బయల్దేరే రోజు పొద్దున్న చిగురు విచ్చింది. కింది ఆకుల పసుపు పోలేదు, అవిక మారవు. కొత్తది మాత్రం ముడత లేకుండా, లేత ఎరుపు ఈనెలతో, ఆకుపచ్చగా. అత్తగారు కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "గింజ కడుతుంది బాబూ. కట్టాక నాకూ ఓ పొట్లం పంపండి" అన్నారు. గుండె తేలికపడింది. చేతులే ఊరుకోలేదు.

ఆవిడ స్నానానికి వెళ్ళారు, మిగతా ఇల్లు ఇంకా లేవలేదు. సుధాకర్ మొక్కల కొసలు గుప్పెడు తుంచి (కొసలు తుంచితే గుబురవుతాయి, నష్టమేమీ లేదు), అతని కెటిల్‌లో వేసి బాగా మరగబెట్టాను. పులుపుకి పొర చాలావరకు ఊడివచ్చింది. ఆకులు తీసి పారేసి, కడిగాను. అంటే, పూర్తిగా కడగలేదు. అడుగున ఆ పుల్లనీళ్ళు కాసిని ఉంచాను. సుధాకర్‌కి పాలు కూడా కెటిల్‌లోనే పోసి మరిగించే అలవాటు ఉందని ఐదు రోజులూ చూశాను.

తిరుగు బస్సులో కిటికీ సీటు దొరికింది. కాళ్ళ మధ్య కుండీ, దాని పక్కన బావి నీళ్ళ డబ్బా, ఫోన్లో గంజాయి పేజీ మూసేసి. ఈసారి తనిఖీ లేదు. కొంచెం నిరాశగా కూడా అనిపించింది. అంత పొడవు ఎడారిలో నాకు గుర్తుండేవి రెండే ఆకుపచ్చలు, సలాలా తోటలూ, నా సంచీలో చిగురూ.

తుమ్రైత్ దాటి కొంత దూరం పోయాక ఫోను మోగింది.

"అన్నయ్యా," సుధాకర్ గొంతు దీనంగా ఉంది, "టీ పెడితే పాలు విరిగిపోయాయి. కొత్త ప్యాకెట్ అన్నయ్యా! అత్తయ్యగారు టీ లేక కూచున్నారు. నీళ్ళలో ఏమైనా తేడా వచ్చిందంటారా?"

"నీళ్ళదేముంది తమ్ముడూ," అన్నాను, చిగురు నిమురుతూ. "హస్తవాసి."