టైంటేబుల్లో మండె కట్టిన వడ్లు

ఇంటర్ మధ్యలో ఆపేసిన నేను పటమట శాఖా గ్రంథాలయంలో బీరువా తర్వాత బీరువా చదివి పెద్దదాన్నయ్యాను. ఆ గర్వంతోనే ఓ ప్రైవేటు స్కూల్లో లైబ్రరీ గది చూసే తాత్కాలిక ఉద్యోగంలో చేరాను. స్కూలు తనిఖీకి కమిటీ వస్తోందనగానే మా ప్రిన్సిపాల్ గారికి అనియత విద్య మీద ప్రేమ పుట్టింది. పుస్తకమూ పరీక్షా లేకుండా పిల్లలు చేసి నేర్చుకోవాలట. అందుకోసం నాలుగో పీరియడూ, ఒక రికార్డూ, పది మార్కులూ కేటాయించారు.

"కాలేజీ చదువు పూర్తి కాకుండానే ఇంత చదివింది మీరేగా, మీరే చూడండి. కమిటీ మెచ్చితే మీ ఉద్యోగం పర్మనెంట్," అన్నారు.

నేను వ్యవసాయం పుస్తకం తీసి వరినారు ఎంచుకున్నాను. వడ్లు ఒకరోజు నానబెట్టాలి, మొలకెత్తడానికి ఒకరోజు గోనెసంచిలో మండె కట్టాలి, మూడో రోజు ట్రేలో చల్లాలి. సోమ, మంగళ, బుధ. పుస్తకం టైంటేబుల్‌తో ఇంత చక్కగా కుదిరినందుకు మురిసిపోయాను. ఫలితం ముందే తెలుసు కనుక, 'నేను స్వయంగా గమనించినవి' అన్న శీర్షిక కింద ఏం రాయాలో సోమవారమే బోర్డు మీద రాసేశాను. క్లాసంతా రికార్డుల్లోకి ఎక్కించుకుంది.

బుధవారం, ఉయ్యూరు వైపు నుంచి బస్సులో వచ్చే ఒక రైతు ఇంటి అమ్మాయి తన మూట విప్పనంది.

"చలికాలం కదండీ మేడం, ఇంకా ఉంచాలి. చెయ్యి పెడితే వెచ్చగా తగలాలండి."

"పుస్తకంలో చెయ్యి సంగతి లేదమ్మా," అన్నాను.

ఆమె మూటను ఇంటికి పట్టుకెళ్లి, వరిగడ్డి కప్పి ఉంచి, శుక్రవారం తెచ్చి చల్లింది. ఆలస్యానికి రెండు మార్కులు కోశాను.

పది రోజులకు కమిటీ వచ్చింది. మిగతా ట్రేలలో కుళ్లిన వడ్ల వాసన. ఆ అమ్మాయి ట్రే ఒక్కటే పచ్చగా ఉంది. ప్రిన్సిపాల్ గారు దాన్ని ముందుకు జరిపించారు. ఎవరు నేర్పారని కమిటీ మేడం అడిగారు.

"మా నాయనమ్మండి."

"మరి రికార్డులో ఒక్కరోజని ఉందే?"

"అది మా మేడం గమనించిందండి," అంది, నన్ను కాపాడుతున్నాననుకుని.

స్కూలుకు ప్రశంసాపత్రం వచ్చింది. ఆ అమ్మాయికి నేను కోసిన రెండు మార్కులూ తిరిగి వచ్చాయి. నా ఉద్యోగం మాత్రం పర్మనెంట్ కాలేదు. అనియత విద్యలో నాకు సర్టిఫికెట్ లేదట. భవానీపురంలో మూడు నెలల కోర్సుంది, చేసొస్తే ఆలోచిస్తామన్నారు ప్రిన్సిపాల్ గారు.

చేరాను. మొదటి రోజు సారు అనియత విద్య నిర్వచనమూ, కోర్సు నియమాలూ బోర్డు మీద రాశారు. వెనక బెంచీలో కూర్చుని ఎక్కించుకున్నాను. హాజరు తప్పనిసరి అన్న వాక్యం కింద గీత కూడా గీసుకున్నాను.