మాదా, మనదా

మా చెల్లి ఆటలు చేస్తుంది. ఆటలాడుతుంది అనుకుని, పిల్లని ఇంకా బడికి పంపట్లేదా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. దానికి ముప్ఫై రెండేళ్ళు. ఫోన్లో జనం ఆడుకునే ఆటలు సొంతంగా తయారుచేస్తుంది. మా ఇంటి వెనకగదే దాని కంపెనీ. అందులో మేనేజరూ అదే, బంట్రోతూ అదే. తలుపుకి 'పని జరుగుతోంది' అని అట్టముక్క వేలాడదీసింది. తిప్పి చూస్తే వెనకవైపూ అదే రాసుంది.

మూడేళ్ళుగా దాని ప్రాణమంతా ఒక చీమ మీదే. ఆ చీమ వంటింటి గోడెక్కి, అలమర దాటి, పంచదార డబ్బా చేరుకోవాలి. అదీ ఆట. ప్రోగ్రాము రాసి చీమను నడిపించేది మా చెల్లి. గోడ, అలమర, డబ్బా, చీమ నడుముతో సహా బొమ్మలన్నీ గీసింది మా ఆవిడ. ఎక్కడా నేర్చుకోలేదు గానీ చెయ్యి తిరిగిన మనిషి. మోడలు కోసం ఎక్కడికీ పోకుండా మా వంటిల్లే గీసేసింది. నేను మేకు కొట్టబోయి పగలగొట్టిన గోడ టైలు కూడా ఆటలో ఉంది. అన్నిటికంటే ఎక్కువ చీమలు అక్కడే చస్తున్నాయట.

ఈ మధ్య ఒక కంపెనీ ఆ ఆటను తామే జనంలోకి తీసుకెళ్తామని ముందుకొచ్చింది. ఇంటిల్లిపాదీ గాల్లో తేలాం. అంతలో వాళ్ళు ఒక ప్రశ్న పంపారు: బొమ్మలు ఎవరివి, వాటిని వాడుకునే హక్కు మీకుందని చూపే కాగితమేది? శుక్రవారంలోగా పంపకపోతే వాళ్ళు వేరే ఆట చూసుకుంటారట.

మా చెల్లి తెల్లమొహం వేసింది. పాపం, అన్నీ పద్ధతిగానే చేసుకుంది. ఆట పేరు ఇంకెవరైనా పెట్టుకున్నారేమో వెతికింది, కంపెనీని రిజిస్టరు చేయించింది, సంగీతం కట్టినతని దగ్గర ఒప్పందం రాయించుకుంది. వదిన దగ్గర మాత్రం ఏమీ రాయించుకోలేదు. ఇంట్లో అన్నం తిని రసీదు అడుగుతామా? ఆ ఆలోచనే దానికి తోచలేదు.

"ఒక్క సంతకమే కదన్నయ్యా," అంటూ తనే కాగితం రాసింది. లాయర్లు రాసినట్టు గంభీరంగా ఉండాలని 'నాది' రావలసిన చోటల్లా 'మాది' పెట్టింది. 'ఈ ఆట మాది. ఇందులోని బొమ్మలు మావి. వీటిపై సర్వహక్కులూ మావే.' తీసుకెళ్ళి మా ఆవిడ ముందు పెట్టి, పెన్ను మూత కూడా తనే తీసిచ్చింది.

మా ఆవిడ రెండుసార్లు చదివింది. చదివి పెన్నుకి మూత పెట్టేసింది.

"మాది అని రాశావు. మనది అని రాయలేదు."

"అయ్యో వదినా, మాది అంటే మనదనే."

"ఎలా అవుతుంది? నాకిచ్చిన కాగితంలో, నాతో చెప్తూ, మాది అన్నావు. అంటే మీరు వేరు, నేను వేరనేగా."

"పోనీ, ఏం రాయమంటావో చెప్పు."

"నాకేం తెలుసు? ఏదో బొమ్మలు గీసేదాన్ని."

ఆ పూట నుంచి ఇద్దరికీ మాటల్లేవు. నా బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది. భోజనాల దగ్గర "అన్నయ్యా, ఉప్పు ఇటివ్వమను," అని మా చెల్లి, "ఉప్పు తన మోచేతి పక్కనే ఉందని చెప్పండి," అని మా ఆవిడ. నేను కుట్టుమిషన్లు బాగుచేసేవాణ్ణి. దారం ఎక్కడ చిక్కుపడిందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఈ చిక్కు మాత్రం నా స్క్రూడ్రైవరుకి అందలేదు. గురువారం పొద్దున్నే ఇద్దర్నీ బస్సెక్కించి, చెరో సీట్లో కూర్చోబెట్టి, తెలిసిన లాయరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయనింట్లో మిషను రెండుసార్లు బాగుచేసిన చనువు నాకుంది.

లాయరుగారు కాగితం చదివి కళ్ళజోడు నుదుటి మీదికి తోశారు.

"చట్టం మీ ఆవిడ వైపే ఉందయ్యా. గీసినవాళ్ళదే బొమ్మ. వాళ్ళు రాసిచ్చేదాకా వాళ్ళదే. వదినా మరదళ్ళయినా అంతే."

మా చెల్లి మొహం చిన్నబోయింది. "సరేలెండి, మనది అని మార్చేస్తాను."

"అప్పుడు నిండా మునుగుతావమ్మా. రేపు ఈ కాగితం చదివేదెవరు? ఆ కంపెనీవాడు. ఆట మనది అని వాడికి పంపితే, సంతోషం, మనదే అంటాడు. చదివిన ప్రతివాడూ వాటాదారే."

మా ఆవిడ ఫక్కున నవ్వింది. మూడు రోజుల్లో అదే మొదటి నవ్వు. అది చూసి మా చెల్లికీ నవ్వు ఆగలేదు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"మాదీ వద్దు, మనదీ వద్దు. పేర్లు రాద్దాం," అంటూ లాయరుగారు కొత్త కాగితం తీశారు. ప్రోగ్రాము ఫలానా ఆమెది, బొమ్మలు ఫలానా ఆమెవి. ఈ బొమ్మల్ని ఈ ఒక్క ఆటకి వాడుకోవచ్చు. ఇంకోదానికి వాడాలంటే మళ్ళీ అడగాలి. వచ్చిందాంట్లో చెరిసగం.

"ఆ మళ్ళీ అడగాలన్న మాట బాగుంది," అంది మా ఆవిడ. "నాకు చెప్పకుండా చీమను ఎక్కడికీ పంపకూడదు."

లాయరుగారు మా చెల్లి వైపు తిరిగారు. "మీ వదిన పూర్తి పేరు చెప్పమ్మా."

మా చెల్లి నోరు తెరిచి, నావైపు చూసింది. పదకొండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. దాని ఫోన్లో ఆవిడ వదినే. ఆట మొదట్లో పేర్లు పడేచోట కూడా 'బొమ్మలు: మా వదిన' అనే వేసింది. పుట్టింటి ఇంటిపేరేమిటో దానికి తెలియదు. సిగ్గుతో చెవులు ఎర్రబడి తల దించుకుంది. చెల్లెల్ని ఆదుకుందామని, మొగుణ్ణి కదా అన్న ధీమాతో, ఒక చీటీ అందుకుని నేనే పేరు రాసిచ్చాను.

మా ఆవిడ తొంగి చూసింది. "ఆ 'ద' కాదు. ఒత్తు 'ధ'," అంది.

"ఎప్పట్నుంచి?"

"పుట్టినప్పట్నుంచి. పెళ్ళి కార్డులో కూడా మీరు తప్పే వేయించారు."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"ఎవరడిగారు?"

ఆ మాట కోపంగా అన్లేదు. అని ఉంటే బాగుండేది. నా చేతిలోంచి పెన్ను తీసుకుని, పుట్టింటి ఇంటిపేరుతో సహా తన పేరు తనే రాసింది, ఒత్తు కాస్త పెద్దదిగా పెట్టి. కింద సంతకం చేసింది. మా చెల్లి పక్కన నిలబడి, పెదాలు కదుపుతూ, ఒక్కో అక్షరం చదువుకుంది.