చిన్నమ్మ దిగనన్న ఫోటో

మొన్న సోమవారం ఆఫీసులో ఒక పెన్షన్ కాగితాల కట్ట నా టేబుల్ మీదికి వచ్చింది. ఇన్నేళ్లలో అలాంటి కట్టలు ఎన్ని నా చేతుల మీదుగా పోయాయో లెక్కలేదు. ఈసారి మాత్రం పైన రాసి ఉన్న పేరు నాదే. ఇంకో ఆరు నెలల్లో నేనూ రిటైరవుతాను. భార్యాభర్తలు కలిసి దిగిన ఫోటో కావాలని పక్క సీటు అమ్మాయి గుర్తుచేసింది, నాకు తెలియదన్నట్టు. సాయంత్రం మా ఆయనకు చెబితే, పోయినేడాది పెళ్లిలో దిగింది ఉంది కదా, అందులోంచి కత్తిరిస్తే పోలా అన్నారు. అందులో మనిద్దరి మధ్య మీ చెల్లెలి తలకాయ ఉందన్నాను. ఆయన నవ్వుతూ అల్మారా వెతకడానికి లేచారు. నేను ఆ కట్ట ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఈ ఫోటో దగ్గరే ఒకప్పుడు మా చిన్నాయన పెన్షన్ కాగితాలు రెండు నెలలు ఆగిపోయాయి.

చిన్నాయన మా నాయినకు తమ్ముడు. సాగర్ ఎడమ కాల్వ మీద, మిర్యాలగూడ అవతల, లష్కర్‌గా పనిచేసేవాడు. పేరు వింటే సిపాయి అనిపిస్తుంది గాని, ఆ పనంతా నీళ్లతోనే. కాల్వ గట్టు వెంట సైకిల్ మీద తిరుగుతూ, పైనుంచి వచ్చిన హుకుం ప్రకారం తూముల షట్టర్లు ఎత్తాలి, దించాలి. గట్టు తెగేలా ఉంటే కబురు చేయాలి. ఎగువ రైతులూ చివరి భూముల రైతులూ కొట్టుకోబోతే మధ్యలో నిలబడి ఇద్దరి చేతా తిట్లు తినాలి. ఈ మూడో పని ఏ ఉత్తర్వులోనూ లేదు గాని అన్నిటికన్నా ఎక్కువ అదే ఉండేది. గట్టు మీద నిలబడి నీళ్ల చప్పుడు వింటే చాలు, తూము ఎంత లేచి ఉందో చెప్పేవాడు. కాగితమంటే మాత్రం హడలిపోయేవాడు. జీతం స్లిప్పులు మడత కూడా విప్పకుండా ట్రంకుపెట్టెలో వేసేవాడు. ఎందుకు చదవవని అడిగితే, వచ్చింది వచ్చే ఉంటది, చదివితే పెరుగుతదా అనేవాడు.

వాళ్లకు పిల్లలు లేరు. కాల్వ కాలనీలో సర్కారు వాళ్లిచ్చిన రెండు గదుల క్వార్టరులో ఉండేవాళ్లు. చిన్నమ్మ మాటలు తక్కువ మనిషి. కోపం వస్తే ఇంకా తక్కువ. రోజూ పొద్దెక్కాక సద్ది గిన్నె నెత్తిన పెట్టుకుని, ఆయన ఏ తూము దగ్గరుంటే అక్కడికి నడుచుకుంటూ పోయేది. ఒకసారి చిన్నాయనకు పచ్చకామెర్లు వచ్చి మంచం పట్టాడు. సరిగ్గా నాట్ల కాలం. సెలవు పెడితే వేరే మనిషిని వేస్తారు, తిరిగి ఈ జాగాకు రానిస్తారో లేదోనని ఆయనకు భయం. అప్పటికి ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆ పదిహేను రోజులూ చిన్నమ్మే గట్టు వెంట తిరిగింది. ఇనుప చక్రం తిప్పి షట్టర్లు ఎత్తింది, దించింది. రైతులకు తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు, ఎందుకంటే ఆమె ఉన్నన్నాళ్లు నీళ్ల వంతు ఒక్క గడియ కూడా అటూ ఇటూ కాలేదట. ఒకనాడు చక్రం పిడి జారి ఎడమ ముంజేతికి తగిలి ఎముక కనబడేంత తెగింది. ఆ మచ్చ గురించి ఎవరైనా అడిగితే కాలు జారి పడ్డానని చెప్పేది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది చిన్నాయనకు యాభై ఎనిమిది నిండబోయాయి. అప్పటికింకా అదే రిటైర్మెంటు వయసు. ఆ వార్త ఎట్లా తెలుస్తుందో గాని, ఇక సలహాలు చెప్పేవాళ్లు మొదలయ్యారు. చాయ్ హోటల్లో ఒకాయన బర్రెలు కొనమన్నాడు. ఇంకొకాయన మిరపకాయల వ్యాపారమన్నాడు. ఆ రోజుల్లో యాదగిరిగుట్ట చుట్టుపక్కల ప్లాట్ల ధరలు ఆకాశంలో ఉండేవి, రిటైరయ్యే వాళ్లెవరో బ్రోకర్లకు వాళ్ల ఆఫీసు కన్నా ముందే తెలిసేది. ఒక బ్రోకరు చిన్నాయనను కారెక్కించుకుని పోయి ప్లాటు చూపించి, మంచి హోటల్లో భోజనం పెట్టించి, నరసింహస్వామి దర్శనం కూడా చేయించి దింపాడు. ఎలా ఉంది ప్లాటు అని నేను ఫోన్ చేస్తే, చిన్నాయన శాంతంగా, "దర్శనం మంచిగైంది బిడ్డా. ప్లాటు కాడ మాత్రం రాయి చూసిన. ఆ రాయి కింద చుక్క నీళ్లు గూడ ఉండయి" అన్నాడు. అంతటితో ప్లాటు ముచ్చట ముగిసింది.

మా ఇంట్లో సర్కారు కాగితాలు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అప్పుడు నకిరేకల్‌లో మండలాఫీసులో పనిచేస్తున్నాను. ఒక ఆదివారం బస్సెక్కి వాళ్ల దగ్గరికి వెళ్లాను. చిన్నాయన సర్వీసు పుస్తకం జిరాక్సు తెచ్చి, శాంతిపూజకు వచ్చిన అయ్యవారికి జాతకం ఇచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చాడు. ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాను. నెలనెలా వచ్చేది పెన్షన్. ఒకేసారి వచ్చేది గ్రాట్యుటీ. వాడుకోని సెలవులకు వచ్చేది వేరే. పెన్షన్‌లో కొంత భాగం ముందే ఒక్కసారిగా తీసుకోవచ్చు, దాన్నే అమ్ముకోవడం అంటారు, అలా తీసుకుంటే పదిహేనేళ్ల దాకా ఆ మేరకు నెలనెలా తగ్గి వస్తుంది. ఇక్కడ చిన్నాయన నన్ను ఆపాడు. "ఇంక చేతికే రాలే. అప్పుడే అమ్ముకునుడేంది?" అన్నాడు. మా ఆఫీసులో పెద్ద పెద్ద చదువుల వాళ్లు వేసిన ఏ ప్రశ్న కన్నా అది తక్కువది కాదని ఇప్పటికీ అనుకుంటాను.

చిన్నమ్మ కొంచెం అవతల కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నేను సర్వీసు పుస్తకం పేజీలు తిప్పుతూ గట్టిగా చదువుతున్నాను. నామినేషన్ పేజీ వచ్చింది. తనకేమన్నా అయితే రావలసినవన్నీ ఎవరికివ్వాలో ఉద్యోగి రాసిచ్చే పేజీ అది. చిన్నాయన పెళ్లికి ముందు, ఉద్యోగంలో చేరిన కొత్తలో రాసిన పేరే ఇంకా అక్కడ ఉంది. మా నాయనమ్మ పేరు. ఆమె పోయి అప్పటికి ఇరవై ఏళ్లు. ఇది మార్చాలె చిన్నాయినా, లేకుంటే రేపు చిన్నమ్మ వారసురాలి సర్టిఫికెట్టు కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సొస్తది అన్నాను. ఆయన తలూపాడు. ఆ తర్వాత, పెన్షన్ కాగితాలకు ఇద్దరూ కలిసి ఫోటో దిగాలని, ఆయన తర్వాత చిన్నమ్మకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌కు ఆ ఫోటోయే ఆధారమని చెప్పాను.

చిన్నమ్మ తలెత్తకుండానే, "నేను దిగ" అంది.

ఎందుకన్నాను. "మనిషి కండ్ల ముందట తిరుగుతుండంగ, ఆయన పోయినంక నాకెంతొస్తదని ఫోటో దిగాల్నా? నేను దిగ" అని, చింతపండు చాట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

అపశకునమనుకుంటోందని నేనూ చిన్నాయనా అనుకున్నాం. అది సహజమే కదా అని నాలుగు రోజులు ఆగాం. ఆ నాలుగు రోజులు నాలుగు వారాలయ్యాయి. చిన్నాయన బతిమాలాడు, ఊరుకున్నాడు, మళ్లీ బతిమాలాడు. సెక్షన్ ఆఫీసు నుంచి రెండుసార్లు కబురొచ్చింది. ఫోటో లేకుండా కట్ట పైకి పోదు. పైకి పోకపోతే రిటైరైన నెల నుంచి చేతికేమీ రాదు, క్వార్టరు మాత్రం ఖాళీ చేయాలి. ఇద్దరూ కలిసి దిగిన పాత ఫోటో ఏదైనా ఉంటే అదే అంటించమని ఎవరో ఉపాయం చెప్పారు. వాళ్ల పెళ్లప్పుడు ఫోటోలు తీయలేదు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి దిగిందే లేదు.

రెండు నెలలకు మళ్లీ వెళ్లాను. మిగతా ఫారాలైనా పూర్తి చేద్దామని చాప మీద పరిచాను. చిన్నమ్మ నాకు చాయ్ ఇచ్చి గడప దగ్గర నిలబడింది. నేను మళ్లీ ఫోటో మాటెత్తి, ఈ రోజుల్లో అందరూ దిగుతున్నారు చిన్నమ్మా, దాంతో ఎవరికీ ఏం కాదు అన్నాను. ఆమె నాతో కాదు, చిన్నాయనతో అంది.

"ముప్పై రెండేండ్లు నీ యెంట గట్టు మీద తిరిగిన. నీకు పానం బాగలేనప్పుడు నీ తూములు నేనెత్తిన. నీ కాయిదాలల్ల నేనెక్కడున్న?"

చిన్నాయన తెల్లబోయాడు. నాకు అప్పుడు అర్థమైంది. ఆనాడు సర్వీసు పుస్తకం గట్టిగా చదివి ఆమెకు వినిపించింది నేనే.

"అది రాసినప్పుడు నువ్వు నాకు తెల్వదు గదనే" అన్నాడు చిన్నాయన.

"తెలిసినంక మార్చినవా?"

నీళ్ల కోసం గొడ్డళ్లు పట్టుకొచ్చిన రైతుల మధ్య నిలబడిన మనిషి, ఆ గదిలో ఎటు చూడాలో తెలియక చాప అంచు పీకుతూ కూర్చున్నాడు. కాసేపటికి, "నాకు కాల్వ తెలుసు, నువ్వు తెలుసు. కాయిదాలు తెల్వయి" అన్నాడు. అది క్షమాపణో, సంజాయిషీయో ఆయనకే తెలియదనుకుంటాను.

నేను చేతికందిన ఫారం తీశాను. ఉద్యోగివీ, భార్యవీ గుర్తింపు చిహ్నాలు రాయాల్సిన ఫారం. మనిషికి రెండు. చిన్నాయనవి నేనే చూసి రాశాను, నుదుటి మీద ఒక గాటు, మెడ మీద పుట్టుమచ్చ. చిన్నమ్మా, నీవి చెప్పు అన్నాను.

చిన్నాయన తలొంచుకునే చెప్పాడు. "ఎడమ ముంజేతి మీద గాటు. తూము చక్రం తగిలింది. తూము చక్రం అనే రాయి బిడ్డా, కాలు జారిందని రాయకు." కొంచెం ఆగి, "రెండోది కుడి చెవ్వెనుక పుట్టుమచ్చ. ఎంట్రుకల్ల ఉంటది, ఆవగింజంత" అన్నాడు.

చిన్నమ్మ చెయ్యి తనకు తెలియకుండానే చెవి వెనక్కి పోయింది. అక్కడ వేళ్లతో తడుముకుంది. పుట్టుమచ్చ వేళ్లకు తగులుతుందా? అద్దంలో కనబడే చోటు కూడా కాదు.

"అది నాకే తెల్వదు" అంది మెల్లగా.

నేను రాసుకున్నాను. గాటు ఎట్లా పడిందో రాయడానికి ఆ గడిలో చోటు లేదు, అయినా చిన్న అక్షరాలతో ఇరికించి రాశాను. నేను ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. పొద్దున లేచేసరికి చిన్నమ్మ తలస్నానం చేసి, ఎప్పుడో కొని కట్టకుండా దాచుకున్న నారాయణపేట చీర కట్టుకుని, చిన్నాయనకు ఇస్త్రీ చొక్కా తీసి మంచం మీద పెట్టింది. "ఫోటో దుకాణం ఎన్నింటికి తెరుస్తరు?" అని అడిగింది నన్ను.

మిర్యాలగూడ స్టూడియోలో ఫోటోలు తీసే భాయ్ పెద్దమనిషి. ఇద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టి కెమెరాలోంచి చూసి, మళ్లీ తల బయటపెట్టాడు. మధ్యలో ఇంకో మనిషి కూర్చునేంత సందుంది. "జర దగ్గర జరుగు పెద్దాయనా. గింత దూరముంటే సర్కారోళ్లు ఒప్పుకోరు" అన్నాడు. చిన్నాయన ఒక జానెడు జరిగాడు. చిన్నమ్మ ముందుకే చూస్తూ రెండు జానలు జరిగింది. ఆ ఫోటోలో ఇద్దరూ ఎవరి మీదో ఫిర్యాదు చేయడానికి వచ్చినవాళ్లలా ఉంటారు, కాని భుజాలు మాత్రం ఆనుకుని ఉంటాయి. అదే రోజు నామినేషన్లన్నీ మార్చాం. ప్రతి ఫారంలోనూ చిన్నమ్మ పేరు చిన్నాయనే తన చేత్తో రాశాడు. ఉత్సాహం ఆగక సాక్షి పేరు రాయాల్సిన చోట కూడా ఆమె పేరే రాస్తే, ఇంకో ఫారం తెచ్చుకోవలసి వచ్చింది.

చిన్నాయన ఆరేళ్లు పెన్షన్ తీసుకున్నాడు. బర్రెలూ కొనలేదు, మిరపకాయలూ అమ్మలేదు. నకిరేకల్‌లో మా వీధి చివర చిన్న ఇల్లు కిరాయికి తీసుకుని, కూరగాయల మడికి నీళ్లు పెట్టుకుంటూ, మధ్యాహ్నాలు చిన్నమ్మతో వాదులాడుకుంటూ ఉన్నాడు. ఒక చలికాలం పొద్దున చాయ్ తాగుతూనే పోయాడు. దినాలయ్యాక చిన్నమ్మను తీసుకుని ట్రెజరీకి వెళ్లాను. వారసులెవరని గాని, నువ్వెవరివని గాని ఆమెను ఎవరూ అడగలేదు. గుమస్తా కాగితం తీసి ఫోటో చూశాడు, ఆమెను చూశాడు, కూర్చోమన్నాడు. ఆ తర్వాత ఫ్యామిలీ పెన్షన్‌కు పెద్దగా ఆలస్యం కాలేదు. చిన్నమ్మ దాన్ని ఇప్పటికీ పెన్షన్ అనదు. మీ చిన్నాయిన పంపిండు అంటుంది.

ఏటా ఒకసారి, బతికే ఉన్నానని ఆమె సర్కారుకు చూపించుకోవాలి. ఇదివరకు వేలిముద్ర వేయించేవాళ్లు. పనిచేసి పనిచేసి గీతలరిగిన వేళ్లను ఆ మిషన్ గుర్తుపట్టేది కాదు. ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి రెప్పలాడిస్తే చాలు. పోయిన నెల ట్రెజరీలో ఆ పని ముగించుకుని ఇద్దరం నడుచుకుంటూ వస్తుంటే, నేను రిటైరయ్యాక ఏం చేద్దామనుకుంటున్నానని అడిగింది. ఇంకా ఏమీ అనుకోలేదన్నాను. "కొన్ని పొద్దులు ఊకె కూసో బిడ్డా. కూసునుడు గూడ నేర్సుకుంటెనే వస్తది" అంది. నవ్వాను గాని, ఆ మాట అప్పటి నుంచీ నాతోనే ఉంది. ముప్పై నాలుగేళ్లుగా కాలం రోజూ పొద్దున నా చేత రిజిస్టరులో సంతకం పెట్టించుకునే ముందుకు కదిలింది. ఇకమీదట అది నన్ను అడగకుండానే వస్తుంది, అడగకుండానే పోతుంది.